అమ్మమ్మకి ఉత్తరం రాద్దామని కూర్చుని మొదటి మాట దగ్గరే ఆగిపోయాను

సీతాకోక
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. సందేహం చిన్నదే గానీ వారం రోజులుగా నన్ను వదలడం లేదు.

మా అమ్మమ్మకి 82 ఏళ్ళు. కోనసీమలో, రాజోలు దగ్గర పల్లెలో ఒక్కర్తే ఉంటుంది. నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. ఈ ఏడాది ఆవిడకి వినికిడి బాగా తగ్గిపోయింది. ఫోన్ చేస్తే "ఎవరూ? ఎవరూ?" అని రెండుసార్లు గట్టిగా అడిగి పక్కింటివాళ్ళ చేతికిచ్చేస్తుంది. మిషను పెట్టుకోమంటే చెవిలో హోరు తప్ప ఏమీ వినబడడం లేదంటుంది. కళ్ళు మాత్రం బాగున్నాయి. శుక్లాల ఆపరేషన్ అయ్యాక వారపత్రిక అట్ట నుంచి అట్ట దాకా చదువుతోంది. అందుకే ఉత్తరం రాద్దామనుకున్నాను.

"నమస్తే అమ్మమ్మా" అని మొదలుపెట్టాను. చదువుకుంటే ఎవరో కొత్తవాళ్ళు ఆవిడ గుమ్మంలో నిలబడి మాట్లాడుతున్నట్టుంది. నా జన్మలో ఆవిడకి నేను నమస్తే చెప్పలేదు. "హాయ్" రాసి కొట్టేశాను. "ప్రియమైన అమ్మమ్మకు" అని రాస్తే పరీక్ష పేపర్లో లేఖారచన ప్రశ్నలా ఉంది. స్కూల్లో నేర్పిన "పూజ్యులైన అమ్మమ్మగారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది ఏమనగా" రాశానంటే ఆవిడ కంగారుపడుతుంది, ఏం ముంచుకొచ్చిందోనని.

ఇంట్లోవాళ్ళకి రాసేటప్పుడు తెలుగులో అసలు ఏమని మొదలుపెట్టాలి?


పరదేశి
ఆదివారం, రాత్రి 10:15

మంచి ప్రశ్న. నేను ఇరవై ఏళ్ళుగా బయటి దేశంలో ఉంటున్నాను, రోజూ ఇంగ్లీషు మెయిళ్ళే. మా ఊరి ఆఫీసుకి తెలుగులో ఓ అర్జీ పెట్టాల్సొచ్చి "ప్రియమైన అయ్యా" అని రాశాను. మా బావగారు చూసి కొట్టేసి "అయ్యా" ఒక్కటి ఉంచారు. "ప్రియమైన" అనే మాట మనకి ఇంగ్లీషు 'డియర్' వెంట వచ్చింది. వాళ్ళకి అది అరిగిపోయిన మాట, ఎవరికైనా పెట్టేస్తారు. మనకి ఇంకా అరగలేదు. భార్యకి భర్త రాసే ఉత్తరంలో ఉన్నంత బరువూ ఆ మాటకి ఉంది. బ్యాంకు నుంచి "ప్రియమైన వినియోగదారులకు" అని సందేశం వచ్చినప్పుడల్లా నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

మీకు జవాబు మాత్రం నా దగ్గర లేదండీ. నేనూ వినడానికే కూర్చున్నాను.


లఘుకౌముది
సోమవారం, ఉదయం 6:05

అమ్మా, "నమస్తే" మీ చెవికి ఎందుకు అతకలేదో ఆ మాటను విడదీస్తే కొంత తెలుస్తుంది. నమః, తే. 'తే' అంటే 'నీకు'. ఒక్కరికే. ఇద్దరికైతే 'వాం', ఎక్కువమందికైతే 'వః'. వేదంలోని రుద్రం నమకంలో రెండూ వినబడతాయి: మొదట రుద్రుణ్ణి 'నమస్తే' అనడం, తర్వాతి భాగాల్లో గణాలకు 'వో నమః' అనడం. కనుక నలుగురున్న గదిలోకి వచ్చి "అందరికీ నమస్తే" అంటే "అందరికీ, నీకు నమస్కారం" అన్నట్టవుతుంది. అక్కడ "నమస్కారం" అనడం నిక్కచ్చి. నమ్ అంటే వంగడం. వంగడమనే పనికి పెట్టిన పేరు నమస్కారం, అందులో నీవూ లేదు, మీరూ లేదు.

దీన్ని తప్పు పట్టడానికి చెప్పడం లేదు. తెలుగులోకి వచ్చాక అది తెలుగు మాటే, దాని లోపలి 'నీకు' ఎవరికీ వినబడదు.


మానేరు
సోమవారం, ఉదయం 8:20

శనార్తి అందరికీ.

మాది జగిత్యాల దగ్గరి ఊరు. మా తాత ఎవలు ఎదురువడ్డా "శనార్తి" అంటుండె. చిన్నప్పుడు దాని అర్థం అడిగితే "అది అర్థమడిగే మాట గాదురా, అనే మాట" అన్నడు. పెద్దగైనంక తెలిసింది, శరణార్థి అన్న మాట నాలిక మీద నలిగి శనార్తి అయ్యిందని. కన్నడ దేశంల లింగాయతులు ఇప్పటికి "శరణు శరణార్థి" అనుకుంటరు.

సార్ వంగుడు గురించి చెప్పిండ్రు గదా, నాకు ఇంకో ముచ్చట యాదికొచ్చింది. మా తాత వాళ్ళ నాయన కాలంల గడీ ముందట నుంచి పోవాల్నంటే చెప్పులు విప్పి చేతవట్టుకొని, భుజం మీది తువ్వాల తీసి పోవాలె. దొర కనవడితె "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అనాలె. బాంచ అంటే బానిస. రోజుకు ఎన్నిసార్లు ఎదురువడితె అన్నిసార్లు నేను నీ బానిసను అని నోటితోని చెప్పిచ్చుకున్నరు. దాన్ని సుత దండమనే అన్నరు. 1946ల మొదలై 51 దాక నడిచిన సాయుధ పోరాటంల ఊరూరికి ముందుగాల వదిలిన మాట అదే. మా తాత బతికున్నన్ని రోజులు చేతులు జోడిచ్చిండు గని నడుము వంచలె, గుళ్ళె తప్ప.

గిట్ల ఎందుకు చెప్తున్ననంటే, దండం మాట తీయగ ఉంటది గని అది ఎవరు ఎవరికి పెడుతున్నరో చూడాలె. అక్కా, మీ అమ్మమ్మకు మీరు నమస్తే రాయలేకపోవుడు మంచిదే. మీ ఇద్దరి నడుమ పైన కింద లేదన్నట్టు.


వంశధార
సోమవారం, మధ్యాహ్నం 1:10

మా పలాస వైపు ఇంటికెవరైనా వస్తే నమస్కారం ఎవరూ అనరు. "ఎప్పుడొచ్చినావు?" అంటారు. వాళ్ళ కళ్ళముందే బస్సు దిగి ఉంటాం. అయినా "ఎప్పుడొచ్చినావు?" అనే అడుగుతారు. బిందె చంక నెట్టుకుని వెళ్తుంటే "ఏటమ్మా, నీళ్ళకేటి?" అంటారు. కనబడుతున్నదాన్నే అడగడం. ఇంగ్లీషు చదువుకున్న మా పిల్లలకి ఇది వింత. "అత్తా, వాళ్ళకి కనబడుతోందిగా, ఎందుకు అడుగుతారు?" అంటారు.

నాకు తోచింది చెప్తాను. మనకి పలకరింపు వేరు, నమస్కారం వేరు. నమస్కారం ఒకరు చేసేది. పలకరింపు అంటే పలికించడం, ఎదుటి మనిషి నోట మాట తెప్పించడం. అందుకే అది ప్రశ్నలా ఉంటుంది. ఆ ప్రశ్నకి జవాబుతో పని లేదు. "ఆఁ, ఇప్పుడే" అంటే చాలు, ఇద్దరూ కలిసినట్టే. చావు జరిగిన ఇంటికి వెళ్ళడాన్ని కూడా "పలకరించి రావాలి" అనే అంటాం కదా. అక్కడ ఎవరూ నమస్కారాలు పెట్టరు. పక్కన కూర్చుని "ఏమైనా తిన్నావా?" అంటారు.

మీ అమ్మమ్మ మిమ్మల్ని ఏమని పలకరిస్తుందో గుర్తు తెచ్చుకోండి. ఉత్తరం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చేమో.


తపాలా తాత
సోమవారం, రాత్రి 7:45

అమ్మాయీ, 37 ఏళ్ళు నల్లమల అంచు పల్లెల్లో ఉత్తరాలు పంచాను. పంచడంతో పని అయ్యేది కాదు. చదివి పెట్టాలి, జవాబు చెబితే రాసి పెట్టాలి. ఆ అనుభవంతో నాకు తెలిసింది చెబుతాను, పొడుగైతే ఏమీ అనుకోకు.

కార్డు చేతిలో పెడితే ఎవరూ మొదటి వాక్యం చూసేవాళ్ళు కాదు. మూలలు చూసేవాళ్ళు. నాలుగు మూలలా పసుపు ఉంటే నన్ను లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చేవాళ్ళు. అంచున నల్లగా ఉంటే చావు కబురు, వీధిలోనే నిలబడి చదివించుకుని అక్కడే చింపేసేవాళ్ళు, గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. రెండూ లేకపోతే అప్పుడు చూపు కార్డు పైఅంచుకు పోయేది. అక్కడ నడిమధ్య "క్షేమం" అని ఉండేది. అక్షరం ముక్క రాని ముసలమ్మలు కూడా 'క్ష' ఆకారం గుర్తుపట్టేవాళ్ళు. వేలు పెట్టి చూపించి "ఇదేగా నాయనా?" అని అడిగేవాళ్ళు. నేను అవునన్నాక గానీ కూర్చునేవాళ్ళు కాదు. మిగతా ఉత్తరమంతా తీరిగ్గా వినేవాళ్ళు.

తర్వాత "ఉభయకుశలోపరి". ఈ మాట ఇప్పుడు నవ్వులాటకు వాడుతున్నారు గానీ, దాని అర్థం చూడు: ఉభయ, కుశల, ఉపరి. ఇరుపక్కల వాళ్ళ క్షేమం అయ్యాక, ఆ పైన. అంటే అసలు విషయం దీని తర్వాతే. "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను." ప్రతి కార్డులో ఇదే. మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న కాలణా వెలతో మొదలైంది. నేను చేరేనాటికి 15 పైసలు. ఆ చిన్న అట్టముక్క మీద మూడోవంతు ఈ మాటలకే పోయేది. దండగ అని ఒక్కరూ అనలేదు. కార్డు బాహాటంగా ఉంటుంది, దారిలో ఎవరైనా చదవొచ్చు. గుట్టు మాటలు అందులో రాయరు. అందరికీ ఒక్కలాంటి మాటలే రాస్తారు. కానీ పక్కూరి వాళ్ళ కార్డు మీద చదివితే ఏమీ అనిపించని ఆ మాటలే తన పేరు మీద వస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు.

పేర్ల ముందు రాసేవి వేరే చదువు. మ.రా.శ్రీ. అంటే మహారాజశ్రీ. మహారాజు కాకపోయినా ఇంటి పెద్దకు అదే. చిన్నవాళ్ళకు చి. అంటే చిరంజీవి. ఆడపిల్లకు చి.ల.సౌ. అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. ఇది పెళ్ళి శుభలేఖల్లో ఇప్పటికీ ఉంది. పేరుకన్నా ముందే ఆశీర్వాదం అయిపోతుంది. అందుకే చిన్నవాళ్ళకు రాసే ఉత్తరంలో విడిగా నమస్కారమూ అక్కర్లేదు, పలకరింపూ అక్కర్లేదు.

ఇంకోటి ఉండేది. గం.భా.స. దాని గురించి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. మీ తాతగారు ఉన్నారా అమ్మా?


సీతాకోక
సోమవారం, రాత్రి 8:30

లేరండీ. నా చిన్నప్పుడే పోయారు. గం.భా.స. ఏమిటో నాకు తెలియదు, చెప్పండి.


తపాలా తాత
సోమవారం, రాత్రి 9:05

గంగాభాగీరథీ సమానురాలైన. భర్త పోయిన స్త్రీ పేరు ముందు రాసేవాళ్ళు.

ఒక ఊళ్ళో ఒక పంతులమ్మగారు ఉండేవారు. భర్త పోయి నెల కాలేదు. అన్నగారి దగ్గర్నుంచి ఇన్‌లాండ్ కవరు వచ్చింది. అంతకు ముందు నెల దాకా అదే చేతిరాతతో ల.సౌ. అని వచ్చేది. ఆవిడకు చదువొచ్చు, నేను చదివి పెట్టక్కర్లేదు. కవరు అందుకుని పేరు చూసుకున్నారు. చించలేదు. బొటనవేలి గోటితో ఆ మూడక్షరాల మీద గీరడం మొదలుపెట్టారు. నీలం కాగితం పొర లేచి తెల్లగా కనబడేదాకా గీరి, అప్పుడు మడత విప్పారు. నాతో ఒక్కమాట అన్నారు. "ఇక మీదట పేరు పిలిచి ఇవ్వు నాయనా, ముందు ఏముందో చదవకు." ఆనాటి నుంచి ఏ ఇంటి ముందూ నేను ఆ అక్షరాలు పైకి చదవలేదు.


లఘుకౌముది
మంగళవారం, ఉదయం 6:10

ఆ మాట వెనక ఉద్దేశం చెడ్డది కాదని మాత్రం చెప్పాలి. గంగతో సమానమైన పవిత్రురాలు అనడం గౌరవమే. సౌభాగ్యవతి అనే మాట వాడలేరు కనుక ఆ స్థానంలో అంతకంటె పెద్ద మాట పెట్టారు. పెద్దలు ఆలోచించి పెట్టిన మర్యాద అది.


వంశధార
మంగళవారం, ఉదయం 7:30

మాస్టారూ, మీరంటే గౌరవం ఉంది. కానీ ఇది ఒప్పుకోను.

భార్య పోయిన మగవాడికి పేరు ముందు ఏం మారుతుంది? ఏమీ మారదు. నిన్న మ.రా.శ్రీ., నేడు మ.రా.శ్రీ. మా నాన్న పోయిన ఏడాది మా అమ్మకి ఎవరింట్లోనో పెళ్ళి శుభలేఖ వచ్చింది, కవరు మీద ఈ మూడక్షరాలతో. ఆ శుభలేఖ మా అమ్మ లోపల పెట్టుకోలేదు, మాకు చూపించనూ లేదు. బియ్యం డబ్బా వెనక దొరికింది నాకు, తర్వాతెప్పుడో. గంగ అన్నా, భాగీరథి అన్నా, చదివే మనిషికి వినబడింది ఒక్కటే: నువ్వు ఇప్పుడు వేరు. పోస్టుమాన్ చదువుతాడు, పక్కింటివాళ్ళు చదువుతారు. గౌరవమైతే గోటితో గీరుకుంటారా?


లఘుకౌముది
మంగళవారం, రాత్రి 9:20

పొద్దుటి నుంచి మీరు రాసిందే మనసులో ఉంది. నేను ఆ మాటను రాసేవాడి వైపు నుంచి చూశాను. అందుకునేవాళ్ళ వైపు నుంచి చూడలేదు. మా అత్తయ్యకి నేనే ఆ అక్షరాలతో కనీసం పది ఉత్తరాలు రాసి ఉంటాను. ఆవిడ ఏ ఉత్తరానికీ ఆ సంగతి ఎత్తలేదు. ఇప్పుడు అడగడానికి ఆవిడ లేరు.


చిత్రావతి
మంగళవారం, రాత్రి 10:00

మాది కదిరి వైపు. ఇక్కడ మొదటి మాట గురించే అందరూ చెప్తాండారు, చివరి మాట సంగతి నేను చెప్తా.

మా అవ్వ ముందర "పోతాను" అన్నామంటే గయ్యిమనేది. "పోయొస్తా అనాల" అని మళ్ళీ అనిపించేది. బయటికి పోయేవాళ్ళని "యాడికి?" అని అడిగేది కూడా లేదు, పని చెడిపోతుందని. "దూరమా?" అని అడగాల. ఇప్పుడు ఫోన్లో మాట్లాడి పెట్టేసేటప్పుడు ఏమంటాం? "సరే, ఉంటా మరి" అంటాం. గమనించినారా? వెళ్ళేవాడు వస్తానంటాడు, మాట ముగించేవాడు ఉంటానంటాడు. విడిపోయేటప్పుడు పోయే మాట మన నోట రాదు. పాత ఉత్తరాల్లో కూడా చివర "ఉంటాను" అనే ఉండేది, "సెలవు" తోపాటు. సెలవు అంటే అనుమతి. మీరు ఒప్పుకుంటే లేస్తానని.

సీతాకోక గారూ, మొదలు ఏం రాసినా చివర "ఉంటాను అమ్మమ్మా" అని రాయండి. బై రాయొద్దండి.


తెల్లకలువ
బుధవారం, ఉదయం 5:50

మా చర్చిలో "వందనాలు" అంటాం. పెద్దా చిన్నా లేదు, అయ్యగారికీ అదే, పసిపిల్లకీ అదే. మానేరు గారు చెప్పింది చదివినప్పుడు అది గుర్తొచ్చింది. మా నాయనమ్మ ఆ మాట కోసమే చర్చికి వెళ్ళేదాన్నని అనేది. ఊళ్ళో ఆవిడకి ఎవరూ చేతులు జోడించేవారు కాదు. అక్కడ జోడించేవారు.

ఉత్తరాల గురించి ఒక సంగతి. బైబిల్లో పౌలు రాసిన ఉత్తరాలన్నీ రాసేవాడి పేరుతో మొదలవుతాయి. నేను పౌలును, ఫలానా ఊళ్ళో ఉన్న మీకు రాస్తున్నాను, మీకు కృపయు సమాధానమును కలుగును గాక అని. మనం చివర "ఇట్లు" దగ్గర పెట్టే పేరు వాళ్ళు ముందే పెట్టేవారు. అది ఆ కాలపు పద్ధతి. రోమీయులకు రాసిన ఉత్తరం ఆఖరి అధ్యాయంలో ఉన్నట్టుండి ఇంకో గొంతు వినబడుతుంది. పౌలు చెబుతుంటే ఆ ఉత్తరం చేత్తో రాసిపెట్టినవాడు, పేరు తెర్తియు. ఈ పత్రిక రాసిన నేను కూడా మీకు వందనాలు చెబుతున్నానని ఒక్క వాక్యం కలిపాడు. రెండు వేల ఏళ్ళయింది, అతని గురించి ఇంకేమీ తెలియదు. ఆ వందనం మాత్రం మిగిలింది. పోస్టుమాన్ తాతగారి మాటలు చదువుతుంటే అతనే గుర్తొచ్చాడు.


తపాలా తాత
బుధవారం, ఉదయం 9:15

ఈ సంగతి నాకు తెలియదమ్మా. నేనూ అదే చేసేవాణ్ణి. ముసలివాళ్ళు చెప్పింది రాసి, చోటు మిగిలితే అడుగున "రాసినవాడు పోస్టుమాన్, మీ అమ్మ నిన్న జ్వరంతో ఉంది, చెప్పొద్దంది, వీలైతే రండి" అని ఒక ముక్క కలిపేవాణ్ణి. ఆమె చెప్పొద్దన్న మాట నేను చెప్పడం తప్పేమో. కొడుకులు వచ్చేవాళ్ళు.

మనీయార్డరు ఫారం అడుగున చిన్న చీటీ ఉండేది, డబ్బుతోపాటు రెండు మాటలు రాసుకోవడానికి. చాలామంది ఖాళీగా వదిలేసేవాళ్ళు. డబ్బు లెక్కపెట్టుకుని ఆ ఖాళీ చీటీని అటూ ఇటూ తిప్పి "ఏమీ రాయలేదా?" అని అడిగిన తల్లులు నాకు ఎందరో.


పరదేశి
బుధవారం, రాత్రి 11:30

తాతగారి "క్షేమం" చదివాక ఒకటి అర్థమైంది. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా బాబాయి రోజూ పొద్దున ఆరింటికి పువ్వుల బొమ్మ మీద "శుభోదయం" అని పెడతారు. నాకు చిరాకు. ఆ మాటే తెలుగు కాదు, గుడ్ మార్నింగ్‌కి తొడిగిన సంస్కృతం చొక్కా అని గ్రూపులోనే ఒకసారి రాశాను కూడా. ఆయనేమీ అనలేదు.

పోయిన చలికాలం ఒకరోజు ఆ బొమ్మ రాలేదు. ఎనిమిదైంది, తొమ్మిదైంది. పిన్ని పోయినప్పటి నుంచి ఆయన ఒక్కరే ఉంటున్నారు. పక్క ఫ్లాటు వాళ్ళకి ఫోన్ చేస్తే వెళ్ళి చూశారు. స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగి ఉన్నారు, తలుపు గడియ వేసుకోలేదు కాబట్టి సరిపోయింది. కార్డు పైఅంచున రాసే "క్షేమం" లాంటిదే ఆ బొమ్మ. ఇప్పుడు రోజూ జవాబు పెడుతున్నాను.


మానేరు
గురువారం, ఉదయం 8:00

అన్నా, బాబాయి ఇప్పుడు మంచిగున్నరా?

ఒకటి యాదికి పెట్టుకోండ్రి అందరు. పెద్దమనుషులకు సన్మానం ఉంటే "జోహార్లు" అని రాయకుండ్రి. ఒకప్పుడు అది బతికున్నోళ్ళకు చెప్పే దండమే. ఇప్పుడు అమరులకే చెప్తున్నం. మా ఊళ్ళె పదవీ విరమణ చేసే సారుకు ఫ్లెక్సీ మీద "గురువుగారికి జోహార్లు" అని కొట్టిచ్చిండ్రు పిలగాండ్లు. సారు వాళ్ళింటామె అది చూసి కూలవడ్డది. తెల్లారేసరికి ఆ అక్షరాల మీద "వందనాలు" అని కాగితం అతికిచ్చిండ్రు.


పరదేశి
గురువారం, ఉదయం 8:40

నడుస్తున్నారు తమ్ముడూ, కర్ర పట్టుకుని. అడిగినందుకు సంతోషం. ఇక్కడ "ధన్యవాదాలు" అని రాయబోయి ఆగాను. మన ఇళ్ళల్లో ఎవరైనా మేలు చేస్తే "సంతోషం నాయనా, చల్లగా ఉండు" అనేవారు. తెలుగు బ్లాగులు జోరుగా నడిచిన రోజుల్లో కొందరు "నెనరులు" అని మొదలుపెట్టారు, నెనరు అంటే ప్రేమ. నాకు ఎంతో నచ్చింది గానీ రాతలో ఉండిపోయింది, నోటికి ఎక్కలేదు.


లఘుకౌముది
గురువారం, రాత్రి 8:15

సీతాకోక గారూ, అసలు విషయానికి వస్తాను. మీరు అమ్మమ్మని నువ్వు అంటారా, మీరు అంటారా?

ఎందుకు అడుగుతున్నానంటే, మా తరంలో నోటితో "అమ్మా, అన్నం పెట్టవే" అనేవాళ్ళమే కాగితం మీద "తమరు" అని రాశాం. ఉత్తరం అంటే మర్యాదగా ఉండాలని నేర్పారు. పూర్వం లెక్క కూడా ఉండేది: గురువుకి ఆరు శ్రీలు, యజమానికి ఐదు, స్నేహితుడికి మూడు, సేవకుడికి రెండు, కొడుక్కీ భార్యకీ ఒక్కొక్కటి అని సంస్కృతంలో శ్లోకమే ఉంది. శత్రువుకి నాలుగు! అంటే శత్రువు కన్నా కొడుక్కి తక్కువ శ్రీలు. చిన్నప్పుడు అన్యాయం అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది. దగ్గరవాళ్ళయ్యేకొద్దీ శ్రీలు తగ్గుతాయి. వాళ్ళతో ఆ అలంకారాల పని లేదు.

నేను మొదట చెప్పిన 'నమస్తే'లోని 'నీకు' కూడా అలాంటిదే. దేవుణ్ణి నీవు అంటాం, అమ్మని నువ్వు అంటాం.


సీతాకోక
గురువారం, రాత్రి 9:50

నువ్వు అనే అంటానండీ. మీరు అంటే కోపం వచ్చిందనుకుంటుంది.

వంశధార అక్కా, మీరు అడిగింది నాలుగు రోజులుగా ఆలోచిస్తున్నాను. అమ్మమ్మ నన్ను ఏమని పలకరిస్తుందో గుర్తొచ్చింది. బస్సు దిగి సందు మొదట్లో ఉండగానే అరుగు మీద నుంచి "వచ్చేవా తల్లీ! ఏంటే ఇలా చిక్కిపోయేవ్?" అంటుంది. ప్రతిసారీ. ఐదు కిలోలు పెరిగి వెళ్ళినా సరే. నేను ఏనాడూ దానికి జవాబు చెప్పలేదు. సంచీ లోపల పడేసి వంటింట్లోకి పోతాను.

ఈ రాత్రి రాసేశాను. మొదటి వాక్యం ఇది: "అమ్మమ్మా, నేనే. చిక్కిపోలేదే, బాగానే తింటున్నాను." ఆ తర్వాత చెయ్యి ఆగలేదు. పెద్ద అక్షరాలతో ఎనిమిది పేజీలు వచ్చింది. పైన మధ్యలో "క్షేమం" అని రాశాను తాతగారూ. కవరు మీద ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాసి చివర 'గారికి' అని మాత్రం పెట్టాను. పేరు ముందు ఏమీ పెట్టలేదు. చివర "ఉంటాను".


వంశధార
గురువారం, రాత్రి 10:05

ఇది చదివి మా అమ్మకి ఫోన్ చేశానమ్మా, ఇంత రాత్రి వేళ. "ఏటి, పడుకోలేదేటి?" అంది.


సీతాకోక
మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:30

జవాబు వచ్చింది. ఇన్‌లాండ్ కవరు. అమ్మమ్మకి చెయ్యి వణుకుతుంది, అందుకని పక్కింటి పిల్ల చేత రాయించింది. మొదట్లో "చి.సౌ." అని పెట్టించి నా పేరు. తర్వాత "తింటున్నానని నువ్వు రాస్తే నేను నమ్మాలా? ఫోటో పంపించు" అని ఉంది. మేనమామల సంగతులు, కొబ్బరి దింపు, వీధి కుక్క ఈనింది, అన్నీ ఉన్నాయి. మడత పెట్టే అంచు మీద అడ్డంగా కూడా రాయించింది.

అన్నిటికన్నా అడుగున, వేరే రంగు పెన్నుతో, ఇంకో రెండు వాక్యాలు. అవి అమ్మమ్మ చెప్పినవి కావు. "అక్కా, ఇది రాసింది నేను, ఎనిమిదో తరగతి. మామ్మ మీ ఉత్తరం రోజూ తీసి చదువుతోంది, నాకూ చదివి వినిపించింది, నాకు కూడా ఒకటి రాస్తారా?"

తెల్లకలువ గారూ, చూశారా, మీ తెర్తియు. తాతగారూ, ఈ పిల్లకి ఏమని మొదలుపెట్టమంటారు? చి. అని పెట్టాలా?


తపాలా తాత
శనివారం, రాత్రి 7:10

చి. పెట్టు, పెద్దదానివి కదా. లోపల మాత్రం "నీ ఉత్తరం అందింది" అని మొదలుపెట్టు. వాళ్ళ మామ్మ ఉత్తరం అనకు, నీ ఉత్తరం అను.

కవరు విడిగా వెయ్యమ్మా, అమ్మమ్మ దాంట్లో పెట్టి పంపకు. పైన ఆ పిల్ల పేరు గుండ్రంగా రాయి. పోస్టుమాన్ వాళ్ళ గుమ్మం ముందు ఆగి ఆ పేరు పిలవాలి.